నక్షత్రానికి బండి కడితే మేతెంత? – ఒక చెల్పూరు లెక్క

మనిషి చంద్రుడి మీద కాలు మోపింది 1969లో. అప్పటి నుంచి అర్ధ శతాబ్దం దాటింది. ఇక నక్షత్రాల దాకా పోవడమే తరువాయి అని మన హాస్టల్ మిత్రులు చాలామంది వాదిస్తుంటారు. "సైన్సు ఆగదు, నేడు కాకపోతే రేపు" అన్నది వారి మాట. మరికొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, "ఈ భూమి పాడైతే ఇంకో భూమికి పోతం" అంటారు. ఈ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో లెక్క కట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను మహబూబాబాద్ దిక్కు వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఏ పంట వెయ్యాలన్నా మా ఇంట్లో ముందు అడిగే ప్రశ్న "పెట్టుబడెంత?" అని. నక్షత్రయానానికి కూడా అదే ప్రశ్న వేద్దాం. అయితే ఇక్కడ పెట్టుబడి రూపాయలలో కాదు, శక్తిలో. రూపాయలు అచ్చు వేయవచ్చు, అప్పు తేవచ్చు. శక్తిని అచ్చు వేయలేము. ఒకచోట ఖర్చు కానిదే మరొకచోట జమ కాదు. ఇది మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్న శక్తి నిత్యత్వ నియమం.

లెక్కకు ఒక కొలబద్ద కావాలి. పుస్తకాలలో జౌళ్లు, వాటి పక్కన పదుల కొద్దీ సున్నాలు ఉంటాయి. అవి చదివితే కళ్లు తిరగడమే గాని మనసుకు పట్టదు. కనుక మన కళ్లెదుట ఉన్న కొలబద్దనే తీసుకుంటాను. అది భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. అక్కడ 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తిలోకి వచ్చాయి. రెండూ కలిపి 1,100 మెగావాట్లు. రెండూ క్షణం ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చే శక్తిని ఈ వ్యాసంలో "చెల్పూరు" అని పిలుస్తాను.

దూరమెంత?

సూర్యుణ్ణి వదిలితే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దూరం 4.24 కాంతి సంవత్సరాలు. అనగా సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికే అక్కడికి చేరడానికి నాలుగేళ్ల మూడు నెలలు పడుతుంది.

దీన్ని మన జిల్లాల మీద పరిచి చూద్దాం. జనగామ బస్టాండులో సూర్యుణ్ణి పెట్టండి. సూర్యుడికి, భూమికి మధ్య ఉన్న 15 కోట్ల కిలోమీటర్లను ఒక్క మూరగా కుదించండి. అప్పుడు ప్రాక్సిమా ఎక్కడ ఉంటుంది? హనుమకొండ దాటి, పరకాల దాటి, సుమారు 120 కిలోమీటర్ల దూరాన భూపాలపల్లిలో ఉంటుంది.

మనిషి చేసిన వస్తువులలో అందరికన్నా దూరం పోయింది వాయేజర్-1. అది 1977 సెప్టెంబరు 5న బయలుదేరింది. 2012 ఆగస్టులో సూర్యుడి గాలి వీచే హద్దు దాటి నక్షత్రాల మధ్య ప్రదేశంలో ప్రవేశించింది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో, దాదాపు అర్ధ శతాబ్దంగా నడుస్తూనే ఉంది. మన లెక్కలో అది ఎంత దూరం పోయినట్లు? సుమారు 170 మూరలు. అంటే ఇంకా 80 మీటర్లు కూడా కాలేదు. జనగామ బస్టాండు ఆవరణ దాటిందో లేదో! అది ప్రాక్సిమా దిక్కుగా పోవడం లేదు. ఒకవేళ పోతున్నా, అదే వేగంతో చేరడానికి సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది.

ఒక మనిషి జీవితకాలంలో చేరాలంటే కాంతి వేగంలో కనీసం పదోవంతు, అనగా సెకనుకు 30 వేల కిలోమీటర్ల వేగం కావాలి. అప్పుడు 42 ఏళ్లకు చేరవచ్చు. ఇక ఆ వేగం ఖరీదెంతో చూద్దాం.

వేగం ఖరీదు

కదిలే వస్తువుకు ఉండే శక్తిని గతిశక్తి అంటారు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిశక్తి వస్తుంది. ఇక్కడ "వర్గం" అన్న మాటే అసలు చిక్కు. వేగం రెట్టింపు అయితే శక్తి నాలుగింతలు అవుతుంది. వేగం పదింతలు అయితే శక్తి వందింతలు.

ఒక్క కిలో బరువును కాంతి వేగంలో పదోవంతుకు తేవాలంటే 12 కోట్ల 50 లక్షల యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి కావాలి. ఒక కిలో అంటే కిరాణా కొట్టులో కట్టిచ్చే ఒక చక్కెర పొట్లం. దాని కోసం చెల్పూరు మొత్తం దాదాపు అయిదు రోజులు ఇంకెవరికీ ఒక్క దీపానికి కూడా కరెంటు ఇవ్వకుండా నడవాలి. యూనిటుకు 700 గ్రాముల చొప్పున లెక్క వేసినా 85 వేల టన్నులకు పైగా బొగ్గు కాలిపోతుంది. ఇంకో విధంగా చెబితే, 5 హార్స్ పవర్ మోటర్లు 500 ఉన్న ఊరు రోజుకు 8 గంటల చొప్పున 23 ఏళ్లు తోడుకునే కరెంటు అది.

కిలో సంగతి ఇది. ఇక మనుషులు కూర్చునే ఓడ ఎంత బరువుండాలి? భూమి చుట్టూ తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమే సుమారు 420 టన్నులు. దానికి కూడా తిండి, నీరు, సామాను కింది నుంచి పంపుతూనే ఉండాలి. కాబట్టి 42 ఏళ్ల ప్రయాణానికి 100 టన్నుల ఓడ అనుకోవడం ఎంతో పొదుపు చేసినట్లే. ఆ పొదుపు ఓడకు కూడా చెల్పూరు 1,300 ఏళ్లు నడవాలి. రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన 1163వ సంవత్సరంలో చెల్పూరును మొదలుపెట్టి, ఈనాటి దాకా ఒక్క నిమిషం ఆపకుండా నడిపినా 66 టన్నులకే సరిపోతుంది!

ప్రపంచం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కరెంటు సుమారు 30 వేల టెరావాట్ గంటలు. అందులో అయిదింట రెండు వంతులు ఈ ఒక్క ఓడ మింగుతుంది. అక్కడికి చేరాక ఆగాలి కదా! అంతరిక్షంలో గాలి లేదు, నేల లేదు. బ్రేకు వేయాలన్నా ఇంజనే నడపాలి. ఆగడానికి మళ్లీ అంత శక్తి కావాలి.

"పదోవంతు ఎందుకు, ఇంకా వేగంగా పోదాం" అంటారేమో. ఐన్‌స్టైన్ సూత్రం ప్రకారం కాంతి వేగాన్ని సమీపించేకొద్దీ ఖర్చు మరింత నిటారుగా పెరుగుతుంది. కాంతి వేగంలో 90 శాతం కావాలంటే, 10 శాతానికి అయిన శక్తి 81 రెట్లు కాదు, దాదాపు 257 రెట్లు కావాలి. కాంతి వేగాన్ని అందుకోవడానికి ఎంత శక్తి పెట్టినా చాలదు.

మేత మోసే బండి

ఇంతవరకు వేసిన లెక్కలో ఓడ బరువే ఉంది, ఇంధనం బరువు లేదు. అసలు దెబ్బ తగిలేది ఇక్కడ.

పూర్వం దూరపు జాతరకు బండి కట్టుకొని పోయేవాళ్లు ఎడ్లకు గడ్డి కూడా బండి మీదే వేసుకునేవారు. దూరం పెరిగితే గడ్డి పెరగాలి. గడ్డి పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఎడ్లకు ఇంకా మేత కావాలి. దారిలో ఎక్కడా గడ్డి దొరకదనుకుంటే, కొంత దూరం తర్వాత ఆ బండి గడ్డిని మోయడానికే తప్ప మనిషిని మోయడానికి పనికిరాదు. రాకెట్ సరిగ్గా ఆ బండే. ఈ సంగతిని రష్యాకు చెందిన బడిపంతులు త్సియొల్‌కోవ్‌స్కీ 1903లోనే సమీకరణం రూపంలో ప్రచురించాడు. రాకెట్ చేరవలసిన వేగం, దాని వెనుక నుంచి వాయువు ఎగజిమ్మే వేగానికి ఎన్ని రెట్లు ఉంటుందో, ఇంధనం అన్ని కూడికలుగా కాక అన్ని గుణకారాలుగా పెరుగుతుంది.

మన శ్రీహరికోటనే చూడండి. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకుపోయిన ఎల్‌వీఎం-3 రాకెట్ బరువు సుమారు 640 టన్నులు. అది పైకి చేర్చిన చంద్రయాన్ బరువు 4 టన్నుల లోపు. చంద్రుడి దారి పట్టించడానికే ఈ లెక్క! ఆ రాకెట్ పై అంచెలో హైడ్రోజన్, ఆక్సిజన్ మండి, సెకనుకు సుమారు 4.3 కిలోమీటర్ల వేగంతో వాయువు వెలువడుతుంది. మండించే ఇంధనాలలో ఇది మేలిరకం. దీనితో సెకనుకు 30 వేల కిలోమీటర్లు అందుకోవాలంటే ఒక కిలో సరుకుకు ఇంధనం ఎన్ని కిలోలు? ఒకటి వేసి, దాని పక్కన దాదాపు మూడు వేల సున్నాలు పెట్టాలి. మనకు కనబడే విశ్వంలోని పరమాణువులన్నీ లెక్కపెట్టినా ఒకటి పక్కన 80 సున్నాల దరిదాపుల్లోనే ఆగిపోతాయి.

మిత్రులు గమనించాలి, ఇది మన ఇంజనీర్ల చేతగానితనం కాదు. మండడం అంటే పరమాణువుల పైపొరలోని ఎలక్ట్రాన్లు స్థానాలు మార్చుకోవడం. అందులో దొరికే శక్తే కొద్ది. ఎంత గొప్ప ఇంజన్ చేసినా ఇంధనంలో లేని శక్తిని బయటికి తీయలేదు. బాయిలో లేని నీళ్లను ఎంత పెద్ద మోటరు పెట్టినా తోడలేము కదా!

పరమాణు గర్భంలోకి

పైపొరలో శక్తి చాలకపోతే గర్భంలోకి పోవాలి. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే దాదాపు అయిదు వేల టన్నుల మన బొగ్గు ఇచ్చేంత వేడి వస్తుంది. ఆ శక్తినంతా ఒక చుక్క కారకుండా ఎగజిమ్మడానికే వాడినా, ఆ జిమ్మే వేగం కాంతి వేగంలో 4 శాతం దాటదు. దానితో పదోవంతు వేగం అందుకోవాలంటే ఓడ బరువుకు పదింతలు బయలుదేరాలి. అక్కడ ఆగాలంటే వందింతలకు పైన. ఇది ఆదర్శ లెక్క, నిజం దీనికన్నా చాలా వెనుక ఉంటుంది.

సూర్యుడిలో జరిగే సంలీనం ఇంకా మేలు. డ్యుటీరియం, హీలియం-3 కలిస్తే కిలోకు యురేనియం కన్నా నాలుగింతల శక్తి వస్తుంది. దీని ఆధారంగానే బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వారు 1973 నుంచి 1978 వరకు శ్రమించి "డెడాలస్" అనే నక్షత్ర నౌకకు నమూనా గీశారు. మొత్తం బరువు 54 వేల టన్నులు. అందులో ఇంధనమే 50 వేల టన్నులు. కాంతి వేగంలో 12 శాతంతో, సుమారు 50 ఏళ్లలో బర్నార్డ్ నక్షత్రానికి చేరుతుంది. చేరుతుంది గాని ఆగదు. ఆగే మేత బండి మీద లేదు. పైగా అందులో మనుషులు లేరు. వేల టన్నుల హీలియం-3ను భూమి మీద సంపాదించలేమని, గురుగ్రహం వాతావరణం నుంచి తోడుకోవాలని వాళ్లే రాశారు.

ఇక ప్రతిద్రవ్యం. ఇది మామూలు ద్రవ్యాన్ని తాకితే రెండూ పూర్తిగా శక్తిగా మారతాయి. ఇంతకు మించిన ఇంధనం ప్రకృతిలో లేదు. కాని ఇది గనిలో దొరకదు. మనమే తయారు చేయాలి, అందులోంచి వచ్చే శక్తి కన్నా ఎన్నో రెట్లు ఖర్చు పెట్టి. కనుక ప్రతిద్రవ్యం పండే పొలం కాదు, నింపుకునే గాదె మాత్రమే. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ కలిసి ఇంతవరకు తయారుచేసింది గ్రాములో కోటోవంతు కూడా లేదు.

వేడి పోయే దారేది?

ఇంధనం దొరికిందనే అనుకుందాం. ఇంకో గోడ అడ్డం వస్తుంది. చెల్పూరు పక్క నుంచి పోయేవారికి ఆవిరి కక్కుతూ పెద్ద చల్లార్పు గోపురాలు కనబడతాయి. బొగ్గు వేడిలో సగానికి పైగా కరెంటుగా మారక వృథాగా పోతుంది. నీరు, గాలి ఉన్నాయి కాబట్టి భూమి మీద దాన్ని పారబోయగలం. అంతరిక్షంలో నీరు లేదు, గాలి లేదు. వికిరణం ఒక్కటే దారి.

మన 100 టన్నుల ఓడకు 13 ఏళ్లలో వేగం అందించాలంటే వంద చెల్పూరుల శక్తి కావాలి. అందులో నూటికి ఒక్క వంతే ఓడలో వేడిగా మిగిలిందనుకోండి. ఇలాంటి ఇంజన్ ఇంకా ఎవరూ చేయలేదు, అయినా అనుకోండి. ఆ ఒక్క వంతే ఒక చెల్పూరంత వేడి! 727 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎర్రగా కాలే రేకు చదరపు మీటరుకు 57 కిలోవాట్లు వెదజల్లుతుంది. రెండు వైపులా వెదజల్లినా రెండున్నర ఎకరాల రేకు పరచాలి. చదరపు మీటరు రేకు పది కిలోలే అనుకున్నా ఆ రేకే ఓడంత బరువు అవుతుంది. బరువు పెరిగిందంటే మేత లెక్క మళ్లీ మొదటికి వచ్చినట్లే.

పరిగె ఏరుకోవడం, తీగ లాగడం

మేత మోయకుండా పోయే ఉపాయాలు రెండు ఉన్నాయి. మొదటిది, దారిలో ఏరుకోవడం. నక్షత్రాల మధ్య అక్కడక్కడ హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయి, వాటిని గాలించి సంలీనం చేసుకుంటూ పోవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు బుసార్డ్ 1960లో ప్రతిపాదించాడు. కోత అయిన చేలో పరిగె ఏరుకున్నట్లు అన్నమాట. కాని ఆ చేలో గింజలు మరీ పల్చన. ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు అనుకున్నా, ఒక్క గ్రాము పోగుకావాలంటే 60 కోట్ల ఘన కిలోమీటర్లు గాలించాలి. ఏరినా మామూలు హైడ్రోజన్ అంత సులువుగా సంలీనం చెందదు. సూర్యగర్భంలో ఒక ప్రోటాన్ తన వంతు కోసం సగటున వందల కోట్ల ఏళ్లు ఎదురుచూడవలసి ఉంటుంది.

రెండవది, ఇంజన్‌ను ఇంటి దగ్గరే ఉంచడం. బాయికాడ డీజిల్ ఇంజన్ ఉంటే డబ్బా మోసుకుపోవాలి. కరెంటు మోటరుకు తీగ చాలు. అలాగే భూమి మీద లేజర్లు పెట్టి, ఓడకు అద్దంలాంటి పల్చని తెర కట్టి, కాంతితో నెట్టవచ్చు. కాంతికి బరువు లేకున్నా తోసే గుణం ఉంది. ఎంత? చెల్పూరు 1,100 మెగావాట్లనూ కాంతిగా మార్చి అద్దం మీద కొడితే, అరచేతి మీద ముప్పావు కిలో బరువు పెట్టినంత తోపు వస్తుంది. అంతే!

ఇంత చిన్న తోపుతో పెద్ద ఓడ కదలదు. కాబట్టి ఓడనే చిన్నది చేయాలి. 2016 ఏప్రిల్‌లో యూరీ మిల్నర్, స్టీఫెన్ హాకింగ్ ప్రకటించిన "బ్రేక్‌త్రూ స్టార్‌షాట్" ఆలోచన ఇదే. కొన్ని గ్రాముల యంత్రం, కొన్ని మీటర్ల తెర, 100 గిగావాట్ల లేజర్లు, కాంతి వేగంలో అయిదోవంతు. 100 గిగావాట్లంటే 90 చెల్పూరులు. కాని అవి నడవవలసింది కొద్ది నిమిషాలే. ఆ వేగంలో ఒక గ్రాముకు ఉండే గతిశక్తి 5 లక్షల యూనిట్లు, అనగా ఒక్క చెల్పూరు 27 నిమిషాలు ఇచ్చే శక్తి. ఈ వ్యాసంలో మనిషికి అందుబాటులో ఉన్నట్లు కనిపించిన మొదటి అంకె ఇదే.

అక్కడా హద్దులున్నాయి. ఎంత సన్నని కిరణమైనా దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది, ఇది కాంతి తరంగ స్వభావం. కిలోమీటరు వెడల్పున లేజర్లు పరిచినా, 40 లక్షల కిలోమీటర్లు దాటేసరికి కిరణం నాలుగు మీటర్ల తెర కన్నా వెడల్పవుతుంది. ఆలోపే వేగమంతా అందాలి. చేరాక కబురు పంపడం ఇంకో సమస్య. వాయేజర్ 1977లో బయలుదేరినప్పుడు దాని ప్లుటోనియం జనరేటర్లు ఇచ్చిన కరెంటు సుమారు 470 వాట్లు. ఒక హార్స్ పవర్ కూడా కాదు! ఇప్పుడు అందులో సగానికన్నా తగ్గింది. పరికరాలను ఒక్కొక్కటే ఆపుకుంటూ నెట్టుకొస్తున్నారు. అది ఒక కాంతి రోజు దూరం దరిదాపుల నుంచి మాట్లాడుతున్నది. ప్రాక్సిమా నుంచి అదే గొంతుతో మాట్లాడితే మనకు 24 లక్షల రెట్లు సన్నగా వినబడుతుంది. గ్రాముల యంత్రానికి ఆ గొంతు కూడా ఉండదు.

లెక్క తేల్చింది ఏమిటి?

ఇప్పుడు మిత్రుల రెండు మాటలకు వద్దాం. "నేడు కాకపోతే రేపు" అనేది సగమే నిజం. కష్టాలు రెండు రకాలు. చేతకాక ఆగినవి కొన్ని, నియమం ఒప్పుకోక ఆగినవి కొన్ని. లేజర్లు పేర్చడం, పల్చని తెర నేయడం, సంలీనాన్ని అదుపులోకి తేవడం మొదటి రకం. వీటి మీద ఆశ పెట్టుకోవచ్చు, పని చేయవచ్చు. వేగం వర్గం, త్సియొల్‌కోవ్‌స్కీ గుణకారం, వికిరణ సూత్రం రెండవ రకం. ఇవి రేపటికి కరగవు. ఏ కష్టం ఏ రకమో విడదీయడం నేర్పడమే భౌతికశాస్త్రం చేసే పెద్ద మేలు.

ఇక "ఇంకో భూమికి పోతం" అనే మాట. ఓడ వద్దు, తిండి వద్దు, తట్టా బుట్టా వద్దు. 60 కిలోల ఒక మనిషి ఒంటి బరువును మాత్రమే పదోవంతు వేగానికి తేవడానికి 750 కోట్ల యూనిట్లు, అనగా చెల్పూరు తొమ్మిది నెలలకు పైగా నడవాలి. బొగ్గు 50 లక్షల టన్నులు దాటుతుంది. అక్కడ ఆగాలంటే ఇంకో తొమ్మిది నెలలు. ఇది ఒక్కరికి. ఒక ఊరికి, ఒక జిల్లాకు లెక్క కట్టే పని పాఠకులకే వదులుతున్నాను. అంత శక్తి చేతిలో ఉన్న మానవజాతి అందులో వెయ్యోవంతు ఖర్చుతో ఉన్న చెరువులను, నేలను, గాలిని బాగు చేసుకోగలదు. కనుక ఇంకో భూమి ఉందనే ధీమాతో ఈ భూమి సంగతి వాయిదా వేయడానికి లెక్క ఒప్పుకోదు.

అయితే నక్షత్రాలను మరచిపొమ్మని నేననడం లేదు. మన ప్రయోగశాలలో చదివే కాంతిశాస్త్రం, పదార్థశాస్త్రం, కేంద్రక భౌతికశాస్త్రమే ఆ గ్రాము యంత్రానికి కావలసిన విద్యలు. అవే విద్యలు మన మోటరుకు చవక కరెంటు కూడా తెస్తాయి. పెద్ద ఓడ దారి మూసుకుపోయిన చోట చిన్న గ్రాముకు సందు మిగిలి ఉంది. దాని ఖర్చు చెల్పూరు లెక్కలో 27 నిమిషాలు. ముందు ఆ గ్రాము సంగతి చూద్దాం.

– బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి